‘చెప్పాను కదా’ అనేముందు

(సభకు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన ప్రసంగ పాఠం. తడబాట్లు మాత్రం తీసేశాం. తక్కినదంతా వక్త మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తోందా? ఆ… చాలామంది చేతులెత్తారు. సంతోషం. కానీ చూడండి, ప్రసంగం మొదలుపెట్టకముందే నేనొక తప్పు చేశాను. ఏమిటది? వినిపించనివాళ్లకు నా ప్రశ్న కూడా వినిపించదు కదండీ! వినపడినవాళ్లు చేతులెత్తుతారు, వినపడనివాళ్లు ఊరుకుంటారు, నేనేమో అందరికీ వినపడుతోందనుకుని గంటసేపు మాట్లాడేసి ఇంటికెళ్లిపోతాను. కాబట్టి ఇంకోలా అడుగుతాను. చివరి వరసలో, తలుపు పక్కన కూర్చున్న పెద్దాయన… అయ్యా, మీరే. ఇప్పుడు నేనేమన్నానో కాస్త చెబుతారా? ‘మైకు గురించి ఏదో అన్నారు’ అంటున్నారు. సరే, దాదాపుగా చేరింది. ఈ ‘దాదాపు’ దగ్గరే మనకు రోజూ గొడవలొస్తాయి. ఇవాళ నేను మాట్లాడబోయేది దాని గురించే.

నన్ను పరిచయం చేసినవారు అభిమానం కొద్దీ ‘సంభాషణా చతురురాలు’ అన్నారు. మా ఇంట్లోవాళ్లు వింటే నవ్విపోతారు. నేను మాట్లాడి బతికిన మనిషిని కాదు, విని బతికిన మనిషిని. మీరు ఏదైనా కంపెనీకి ఫోన్ చేస్తే ముందుగా ఒక గొంతు చెబుతుంది కదా, ‘నాణ్యత కోసం ఈ కాల్ రికార్డు చేస్తున్నాం’ అని. ఆ రికార్డు ఎవరైనా వింటారా అని మీకెప్పుడైనా అనుమానం వచ్చిందా? వింటారు. విన్నది నేనే. కంపెనీ పేరు మనకెందుకు గానీ, 19 ఏళ్లు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఫిర్యాదు చేసే మనిషికీ ఫోనెత్తిన మనిషికీ మధ్య కూర్చుని వినడమే నా ఉద్యోగం. విని మార్కులు వెయ్యాలి. నమస్కారం చెప్పారా, పేరు అడిగారా, గొంతు పెంచారా, హోల్డులో ఎంతసేపు పెట్టారు… ఇలా ఒక పట్టిక ఉండేది.

ఆ పట్టికలో లేనిదొకటి కొన్నేళ్లకు నాకు పట్టుబడింది. కాల్ ఎక్కడ చెడిపోతుందో ముందే తెలిసిపోయేది. అరుపులు, తిట్లు తర్వాతి సంగతి. వాటికి ముందు ఒక చిన్న మాట వస్తుంది, చాలా మర్యాదగానే వస్తుంది. ‘చెప్పాను కదండీ.’ అంతే. ‘ఇందాకే చెప్పాం సర్.’ ‘మేడమ్, నేను ముందే చెప్పాను.’ ఆ మాట వినపడగానే నేను కుర్చీలో సర్దుకుని కూర్చునేదాన్ని, ఇక మొదలవుతుంది అని. రికార్డింగు వెనక్కి తిప్పి వింటే ఏముండేదో తెలుసా? నిజంగానే చెప్పి ఉండేవారు! అబద్ధం కాదు. ఒక ఉదాహరణ. శుక్రవారం నాడు ఫోనెత్తిన అమ్మాయి ‘మూడు పనిదినాల్లో అందుతుంది’ అంది. అవతల ఆయన ‘మూడు రోజుల్లో’ అని విన్నాడు. సోమవారం సాయంత్రం మళ్లీ ఫోన్: ‘మూడు రోజులన్నారు, ఇంకా రాలేదు.’ ఇటునుంచి జవాబు, ‘పనిదినాలని చెప్పాను కదండీ, బుధవారానికి వస్తుంది.’ ఇక చూడండి! ఆ అమ్మాయి మొదటిరోజే ‘బుధవారం వస్తుంది’ అని ఉంటే రెండో ఫోనే ఉండేది కాదు. తప్పెవరిది? చెప్పానా లేదా అని చూస్తే ఆ అమ్మాయిది తప్పు లేదు. చేరిందా లేదా అని చూస్తే లెక్క మారిపోతుంది. బాగా మాట్లాడటం అంటే ధాటిగా మాట్లాడటమని మనలో ఒక భ్రమ ఉంది. నేను విన్న వేల కాల్స్‌లో ధాటిగా మాట్లాడినవాళ్లే ఎక్కువ చెడగొట్టారు. వాళ్ల మాట బయటికి బాగా వస్తుంది. లోపలికి వెళ్లిందో లేదో చూసుకోరు.

ఒక చిన్న ఆట ఆడదాం. ముందు వరసలో నీలం చొక్కా అమ్మాయి, ఇలా రామ్మా. నీకు బాగా వచ్చిన పాట ఒకటి మనసులో అనుకో. పైకి అనకు, కూనిరాగం కూడా తియ్యకు. ఈ బల్లమీద వేలితో దరువు వెయ్యి. వినండి అందరూ… అయిందా? ఇప్పుడు చెప్పండి, ఏం పాట? ఎవరైనా? జోలపాటా? కాదంటోంది. దేశభక్తి గీతమా? అదీ కాదట. ఈ అమ్మాయి ముఖం చూడండి ఒకసారి! ‘ఇంత తేలిక పాట కూడా తెలియదా వీళ్లకి’ అన్నట్టు చూస్తోంది మన వైపు. వెళ్లి కూర్చో తల్లీ, తప్పు నీది కాదు.

ఇదే ఆట 1990లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ న్యూటన్ అనే ఆవిడ పరిశోధనగా చేశారు. అందరికీ తెలిసిన పాటలకే 120 సార్లు దరువు వేయించారు. విన్నవాళ్లు ఎన్ని గుర్తుపట్టి ఉంటారు? చెప్పండి, చెప్పండి. 60? 40? మూడు. 120లో మూడు! అసలు సంగతి అది కాదు. దరువు వేసినవాళ్లను ముందుగా అడిగారు, ఎదుటివాళ్లు ఎన్ని గుర్తుపడతారని. సగం, అన్నారు. ఎందుకంత నమ్మకం? వేలు బల్లను తాకుతుంటే తలలో పాట మోగుతోంది కాబట్టి. వాయిద్యాలతో సహా మోగుతోంది. ఎదుటివాడికి వినిపించేది టక్, టక్, టకటక్. అంతే.

మనం రోజంతా చేసేది ఆ దరువే. ‘అది తీసుకెళ్లి అక్కడ పెట్టు.’ ఏది? ఎక్కడ? ‘మొన్న అనుకున్నది ఏమైంది?’ మొన్న ఎన్ని అనుకోలేదు! ‘వస్తానన్నాడు.’ ఎవరు, ఎప్పటికి? తెలుగులో ఇంకో చిక్కుంది. కర్తను నోటితో అనకపోయినా వాక్యం నిలబడుతుంది. ‘చెప్పాడు, వెళ్లిపోయాడు, మళ్లీ అడిగాడు’, మూడు పనులు ముగ్గురు మనుషులవైనా వాక్యం చక్కగా ఉంటుంది. చెప్పేవాడి తలలో ముగ్గురూ వేర్వేరు ముఖాలతో తిరుగుతుంటారు. వినేవాడికి ఒక్కడే కనిపిస్తాడు. కాబట్టి మొదటి సూత్రం, సూత్రమని కూడా అనక్కర్లేదు, చిన్న అలవాటు: మాట మొదట్లోనే ఒక పేరు, ఒక రోజు, ఒక వస్తువు పైకి అనేయండి. ‘రాజు ఫోన్ చేశాడు. మంగళవారం పని గురించి.’ ఆ తర్వాత మీ ఇష్టం వచ్చినట్టు సాగదీయండి.

ఇంకో మాట, దీనికి పక్కనే ఉన్నది. ‘అట’ అని మనకొక అందమైన ప్రత్యయం ఉంది. వస్తాడట, ఇస్తారట. నేను చూడలేదు, విన్నాను అని ఒక్క అక్షరంతో చెప్పేస్తుంది. ఎన్నో భాషల్లో దీనికి ఒక వాక్యం ఖర్చవుతుంది. మనకు ఉచితంగా దొరికింది, దాన్ని పారేసుకుంటున్నాం. ‘ఆయన మానేస్తాడట’ అని విన్న మాటను మూడో మనిషికి ‘ఆయన మానేస్తున్నాడు’ అని చేరవేస్తాం. ఆ ‘ట’ రాలిపోయిన చోట ఎన్ని స్నేహాలు రాలిపోయాయో!

సరే, ఇంతసేపూ చెప్పేవాడి సంగతి. వినేవాడి దగ్గరికి వద్దాం. ‘వినడం కూడా మాట్లాడటంలో భాగమే’ అని అందరూ చెబుతారు, చెప్పి చెప్పి అరిగిపోయింది. దాన్ని నిజంగా కొలిచి చూసినవాళ్లున్నారు. 1984లో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు పరిశోధకులు డాక్టర్ దగ్గరికొచ్చిన రోగుల సంభాషణలు 74 రికార్డు చేసి విన్నారు. నాలాంటి పనే అన్నమాట! రోగి తన బాధ చెప్పడం మొదలుపెట్టాక డాక్టర్ మధ్యలో అందుకునేవరకు ఎంతసేపు పట్టింది? సగటున 18 సెకన్లు. మొదలుపెట్టిన మాట పూర్తిచేయగలిగినవాళ్లు 23 శాతమే. డాక్టర్లను తిడదామనుకుంటున్నారా? ఆగండి. వాళ్ల భయం ఏమిటి? వదిలేస్తే ఈ మనిషి ఆపడని. నిజంగా ఆపరా? దానికీ జవాబుంది. 2002లో స్విట్జర్లాండ్ పరిశోధకులు 335 మంది రోగుల్ని మధ్యలో ఆపకుండా మాట్లాడనిచ్చి గడియారం పెట్టి చూశారు. సగటున 92 సెకన్లు. నూటికి 78 మంది రెండు నిమిషాల్లోపే ముగించారు. అంతే! మనం భయపడేది గంటకు, ఎదుటివాడికి కావాల్సింది నిమిషంన్నర.

మరి ఎందుకు అడ్డొస్తాం? మర్యాద తెలియకనా? నేను చాలాకాలం అలాగే అనుకున్నాను, అడ్డొచ్చినవాళ్లకు మార్కులు కోసేదాన్ని కూడా. తర్వాత చదివితే విషయం వేరేగా ఉంది. మనుషులు మాట్లాడుకునేటప్పుడు ఒకరు ఆపాక మరొకరు అందుకోవడానికి మధ్య ఉండే ఎడం ఎంత? 2009లో పది భాషలు తీసుకుని కొలిచారు. సగటున సెకనులో ఐదో వంతు, అంటే 200 మిల్లీసెకన్లు. రెప్పపాటు. కానీ ఒక బొమ్మ చూసి దాని పేరు పైకి అనడానికే మన మెదడుకు 600 మిల్లీసెకన్ల దాకా కావాలి. లెక్క కుదరడం లేదు కదా? ఎలా కుదురుతుంది మరి? అవతలివాడు ఇంకా మాట్లాడుతుండగానే మనం జవాబు వండటం మొదలుపెట్టేస్తాం. అందరం. నేనూ అంతే. జవాబు తయారై నోటి దగ్గర నిలబడి ఉంటుంది, వాడి మాట పూర్తికాదు, ఇక ఆగదు, దూకేస్తుంది. దాన్ని పొగరనుకోకండి. లోపల యంత్రం కాస్త వేగంగా తిరుగుతోంది, అంతే.

తెలుగువాళ్లకు మాత్రం ఈ దూకుడు మరీ ప్రమాదం. ఎందుకంటే మన క్రియ చివర్లో వస్తుంది. అవునో కాదో తేలేది అక్కడే. వినండి: ‘నేను రేపటి మీటింగుకి అందరికంటే ముందే…’ ఏమిటి? వస్తానా? రానా? ‘ముందే వద్దామనుకున్నా గానీ కుదరడం లేదండీ’ అని కూడా కావచ్చు. మనమేం చేస్తాం? ‘ముందే’ దగ్గరే పట్టేసుకుని, ‘ఓ, వచ్చేస్తున్నారన్నమాట! అయితే తాళాలు మీరే తెండి’ అనేస్తాం. పాపం ఆ మనిషి మొహమాటపడి, సరే అంటాడు. మర్నాడు తాళాలూ ఉండవు, మనిషీ ఉండడు. మన భాషలో ఎదుటివాణ్ని క్రియ దాకా వెళ్లనివ్వడం ఉపకారం కాదు, అవసరం.

మీరు అడగొచ్చు, ఎంతసేపు ఆగాలి అని. ఒక్క ఊపిరి. మేరీ బడ్ రో అనే ఆవిడ 1970ల్లో బడి గదుల్లో కూర్చుని కొలిచారు. టీచరు ప్రశ్న వేశాక జవాబు కోసం ఆగేది ఒక్క సెకను. అదే మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడుగయ్యాయి, ఎప్పుడూ నోరు విప్పనివాళ్లు కూడా విప్పారు. మూడు సెకన్లు చిన్నదనుకోకండి. ఇప్పుడు నేను ఆగుతాను, చూడండి.

…ఎంత ఇబ్బందిగా ఉంది! కొందరు ఫోన్ తీశారు కూడా. సరిగ్గా మూడు సెకన్లే అది. నలుగురి మధ్యలో అలా ఆగలేకపోతే ఇంట్లో మొదలుపెట్టండి, పిల్లలతో.

అలా అని రాయిలా కూర్చోమనడం లేదు. మనకు ‘ఊ కొట్టడం’ అని ఒక మాట ఉంది. ఎంత మంచి మాటండీ అది. కథ చెప్పేవాడుంటే చాలదు, ఊ కొట్టేవాడుండాలి. పెద్దవాళ్లు కథ మధ్యలో ఆపి ‘ఊ కొట్టరేం?’ అనడం మీరంతా విన్నదే. అది ముద్దు కోసం అన్న మాట కాదు. 2000లో జేనెట్ బేవెలస్ అనే పరిశోధకురాలు, తోటివారు కలిసి దీన్ని పరీక్షించారు. ఒకరు తమ జీవితంలో ప్రాణం మీదికొచ్చి తప్పిన సంఘటన చెప్పాలి, మరొకరు వినాలి. కొందరు శ్రోతలకు మాత్రం వేరే పని అప్పగించారు. ఎదుటివారి మాటల్లో ఫలానా అక్షరంతో మొదలయ్యే మాట వచ్చినప్పుడల్లా బొత్తాం నొక్కాలి. చెవి అక్కడే ఉంది, మనసు లేదు. ఏమైంది? చెప్పేవాళ్ల కథ చెడిపోయింది. ముఖ్యంగా ముగింపు. మంచి పట్టు మీద ఆగాల్సిన కథ నీరుగారిపోయింది, చెప్పిందే మళ్లీ చెప్పారు, సంజాయిషీ ఇచ్చుకున్నారు. అంటే ఎదుటివాడు బాగా మాట్లాడలేకపోతే అందులో సగం పాపం వినేవాడిది. ఇది నాకు చాలా నచ్చిన పరిశోధన, ఎందుకంటే మన ఇళ్లలో జరిగేది ఇదే. బొత్తాం బదులు చేతిలో ఫోన్ ఉంటుంది. పిల్లవాడు ఏదో చెప్పబోయి, రెండు వాక్యాలు చెప్పి, ‘ఏం లేదులే’ అని వెళ్లిపోతాడు. ‘మావాడు అసలు మాట్లాడడండీ’ అని మనం పక్కవాళ్లతో చెబుతాం.

అర్థం కానప్పుడు ఏం చేస్తున్నారు మీరు? నిజం చెప్పండి. తల ఊపేస్తున్నారు కదూ? నేనూ ఊపేదాన్ని. అడిగితే తెలివితక్కువవాళ్లం అనుకుంటారేమోనని. ఒక సంగతి వింటే ఈ సిగ్గు పోతుంది. 2015లో పన్నెండు భాషల్లో మామూలు కబుర్లు రికార్డు చేసి చూస్తే, మనుషులు ఒకరినొకరు ‘ఏంటి? ఎవరు? ఏమన్నావు?’ అని ఆపి అడిగేది సగటున 1.4 నిమిషాలకోసారి! నిమిషంన్నర కూడా కాకముందే ఒక అతుకు పడుతోంది. మాట అంటే అతుకుల బొంతే. అతుకు వేయడం చేతకానివాళ్ల బొంత చిరిగిపోతుంది.

ఆ అతుకుల్లో మూడు రకాలున్నాయి. ఒకటి, ‘ఆఁ?’ ఏమీ అర్థం కాలేదు, మొత్తం మళ్లీ చెప్పు అని. రెండోది, ‘ఎవరొస్తారన్నారు?’ తక్కినది అర్థమైంది, ఒక్క ముక్క అందలేదు అని. మూడోది, ‘గురువారమేనా మీరన్నది?’ అర్థమైందనుకుంటున్నా, ఖాయం చేయండి అని. ఎదుటివాడికి ఏది తేలిక? మూడోదే. ‘అవును’ అంటే సరిపోతుంది. ‘ఆఁ?’ అంటే పాపం మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. మేం వినే కాల్స్‌లో ‘ఆఁ? ఏంటండీ?’ అని మూడుసార్లు అడిగితే నాలుగోసారి అవతలివాడి గొంతు మారిపోయేది. అదే మనిషిని ‘చిరునామా మారింది, ఫోన్ నంబరు పాతదే, అంతేనాండీ?’ అని అడిగితే ఎన్నిసార్లు అడిగినా కోపం వచ్చేది కాదు. ఎందుకంటే వాడు చెప్పినదాంట్లో కొంత మీ దగ్గరికి చేరినట్టు వాడికి కనిపిస్తోంది. ఇవాళ్టి నుంచి మీరు ఒక్కటే మార్చుకోగలిగితే, ఇది మార్చుకోండి. ‘ఆఁ?’ని వదిలేసి, అందినంతవరకు తిరిగి చెప్పి మిగతాది అడగండి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే భయం వేసే మాట గురించి. ‘సరే.’ నవ్వకండి. సరే అంటే ఎన్ని అర్థాలు? ఒప్పుకున్నాను. విన్నాను. విసుగొచ్చింది, ఇక ఆపు. చూద్దాం. నీ ఖర్మ. ఇన్ని అర్థాలున్న మాట మీద మనం పనులు నడిపేస్తున్నాం.

1977 మార్చి 27. స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే దీవిలో విమానాశ్రయం. దట్టమైన పొగమంచు. ఒకే రన్‌వే మీద రెండు పెద్ద బోయింగ్ 747 విమానాలు. ఒకటి ఎగరడానికి సిద్ధంగా ఉంది, ఇంకొకటి అదే రన్‌వే మీద ఇంకా నెమ్మదిగా వస్తోంది. మొదటి విమానం నుంచి రేడియోలో ఒక మాట వెళ్లింది, ‘ఇప్పుడు టేకాఫ్ దగ్గరున్నాం’ అన్నట్టుగా. అంటే? సిద్ధంగా ఉన్నామనా, బయల్దేరిపోతున్నామనా? కంట్రోలర్ ‘ఓకే’ అన్నాడు. అని, ‘ఆగండి, నేను పిలుస్తాను’ అని కూడా అన్నాడు. కానీ అదే క్షణంలో రెండో విమానం వాళ్లు కూడా మాట్లాడారు. రెండు సంకేతాలు ఒకదాని మీద ఒకటి పడి కీచుమన్నాయి. మొదటి విమానంలో స్పష్టంగా వినిపించింది ఆ ‘ఓకే’ ఒక్కటే. 583 మంది పోయారు. ఒక్క మాట వల్లే అయిందని నేననను, పొగమంచుంది, తొందరుంది, ఇంకా చాలా కలిశాయి. కానీ ఆ తర్వాత విమానాలవాళ్లు మాటల మీద గట్టి నియమాలు పెట్టుకున్నారు. ఎగరడానికి అనుమతి ఇచ్చేటప్పుడో, దాన్ని రద్దు చేసేటప్పుడో తప్ప ‘టేకాఫ్’ అన్న మాట వాడకూడదు. అలాంటి ఆదేశం వింటే ‘ఓకే’ అంటే కుదరదు, విన్నది విన్నట్టు తిరిగి చెప్పాలి.

మన మాటల మీద విమానాలు ఎగరవు కదా అంటారు. నిజమే. కానీ మందు ఎన్నిసార్లు వేసుకోవాలి, పిల్లవాణ్ని ఎక్కడి నుంచి తీసుకురావాలి, కాగితాలు ఏ తేదీలోగా ఇవ్వాలి… ఇలాంటివి ఉంటాయి కదా. అక్కడ మాత్రం ‘సరే’ తో ఊరుకోకండి. ‘సరే, ఐదింటికి వెనక గేటు దగ్గర.’ అంతే, నాలుగు మాటలు ఎక్కువ. ఎదుటివాడు ‘సరే’ అంటే ఏం చేయాలి? ‘ఏదీ, తిరిగి చెప్పు’ అంటే పరీక్ష పెట్టినట్టుంటుంది, పెద్దవాళ్లతో అసలు కుదరదు. నేనేం చేస్తానంటే, తప్పు నా మీద వేసుకుంటాను. ‘నేను కాస్త గజిబిజిగా చెప్పానేమో, మీకెలా అర్థమైందో ఒకసారి చెప్పండి, నేను సరిచూసుకుంటాను.’ ఎవరూ ఏమీ అనుకోరు.

‘అర్థమైందా?’ అని మాత్రం అడగకండి. మొదట్లో నేను వినిపిస్తోందా అని అడిగానే, అదీ ఇదీ ఒకటే. దానికి ‘కాలేదు’ అనే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? అలాగే ‘ఇంకేమైనా ఉందా?’ అనేది. మా కాల్స్ చివర తప్పనిసరిగా అడగాలి, ‘మీకు ఇంకేమైనా సహాయం కావాలా?’ అని. వాళ్లు అనే తీరుకి అది ‘ఇక ఫోన్ పెట్టెయ్యండి’ లాగా వినిపించేది. ఇదీ ఊరికే అనుకోవడం కాదు. 2007లో అమెరికాలో డాక్టర్ల చేత రెండు రకాలుగా అడిగించి చూశారు. కొందరు ‘ఇంకేమైనా ఉందా?’ అన్నట్టు అడిగారు. కొందరు ‘ఇంకొకటి ఏదో చెప్పాలనుకున్నారు కదా?’ అన్న ధోరణిలో అడిగారు. ఇంగ్లీషులో మారింది ఒక్క చిన్న మాటే, తెలుగులో అంత సరిగ్గా జంట కుదరదు. రెండో రకంగా అడిగినచోట, రోగి చెప్పకుండా ఇంటికి తీసుకుపోయే సమస్యలు 78 శాతం తగ్గిపోయాయి. మొదటి రకం అడిగినా అడగకపోయినా ఒకటే అయింది! సమయం కూడా ఎక్కువ పట్టలేదు.

ఇక్కడ ఒక పక్కదారి, కోపం కొద్దీ. మీరు శిక్షణ తరగతులకు వెళ్తే తెరమీద ఒక గుండ్రని బొమ్మ వేస్తారు. మాటల ప్రభావం 7 శాతం, గొంతు 38, ముఖకవళికలు 55 అని. చూశారా? తలలు ఊపుతున్నారు. దాన్ని దయచేసి నమ్మకండి. ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే మనస్తత్వవేత్త 1967లో చేసిన చిన్న ప్రయోగాలవి. ఒక్కొక్క విడిమాటను వేర్వేరు గొంతుల్లో వినిపించి, ముఖాల ఫోటోలు చూపించి, ఈ మనిషికి ఇష్టమా అయిష్టమా అని అడిగారు. మాటకూ గొంతుకూ పొంతన లేనప్పుడు దేన్ని నమ్ముతామన్నదే అక్కడి ప్రశ్న. అది అన్ని సంభాషణలకూ వర్తించదని ఆయనే చెప్పుకున్నారు. మాట విలువ 7 శాతమే అయితే నేనిప్పుడు మైకు ఆపేసి చేతులు ఊపినా మీకు 93 శాతం అర్థం కావాలి! అలా అవుతుందా? గొంతు ముఖ్యమే, కళ్లు ముఖ్యమే. కానీ అద్దం ముందు నిలబడి భంగిమలు సాధన చేసేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. ఆ సమయంలో నాలుగు వాక్యాలు తేటగా కూర్చుకుంటే ఎంత బాగుండు.

‘నాకు మాటలు తడబడతాయండీ’ అనేవాళ్లకు ఒక్క ముక్క. ‘అదీ…’, ‘ఏంటంటే…’, ‘మరి…’ ఇవి వస్తే రానివ్వండి. ఆగండి, నా మాట అవలేదు, వస్తోంది అని ఎదుటివాడికి చెప్పే గుర్తులవి. ప్రతి వాక్యానికీ వస్తే తగ్గించుకోవాలి, అంతే. అసలు లేకుండా మాట్లాడితే రాసుకొచ్చి చదువుతున్నట్టుంటుంది.

తగువుల సంగతి త్వరగా చెప్పేస్తాను, టైమవుతోంది. ‘ఎందుకు ఆలస్యమైంది?’ అంటే నిలదీసినట్టు. ‘ఏం జరిగింది?’ అంటే అడిగినట్టు. జవాబు అదే వస్తుంది, వచ్చే తీరు వేరు. ‘నువ్వెప్పుడూ ఇంతే’ అన్నారనుకోండి, ఆ ‘ఎప్పుడూ’ మీద వాదన నడుస్తుంది, అసలు సంగతి గాలికి పోతుంది. ‘నిన్న తలుపు వెయ్యలేదు’ అంటే తలుపు గురించే మాట్లాడుకుంటారు.

సాధన ఎలా అని అడుగుతారు. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి, వాళ్లు ఒప్పుకుంటేనే, ఒక పది నిమిషాల కబుర్లు ఫోన్లో రికార్డు చేయండి. మర్నాడు వినండి. మీ గొంతు మీకు నచ్చదు, పీలగా ఉంటుంది. కంగారుపడకండి. రోజూ మన గొంతు గాలిలోంచే కాక పుర్రె ఎముకల్లోంచి కూడా మన చెవికి చేరుతుంది, రికార్డులో ఆ ఎముకల భాగం ఉండదు. లోకమంతా వింటున్నది ఆ పీలగొంతే, వాళ్లకది అలవాటే! వినేటప్పుడు అన్నీ వెతక్కండి. ఒక వారం ఎదుటివాడి క్రియ రాకముందే ఎన్నిసార్లు అందుకున్నానో చూడండి. ఇంకో వారం ‘అది, అక్కడ, వాడు’ ఎన్ని పడ్డాయో చూడండి. నా సొంత రికార్డింగు మొదటిసారి విన్నప్పుడు, పది నిమిషాల్లో మా అమ్మను పదకొండుసార్లు ఆపాను. 19 ఏళ్లు ఇతరులకు మార్కులు వేసిన మనిషిని!

ఒక ప్రశ్నకు సమయం ఉందంటున్నారు. చెప్పండమ్మా. ‘ఫోన్లో మాట ఎలా ముగించాలో తెలియదు, సాగుతూనే ఉంటుంది’ అంటున్నారు. అదేనా మీ ప్రశ్న? చూశారా, తిరిగి చెప్పాను. ఈ బాధ మీ ఒక్కరిది కాదు. 2021లో అచ్చతెలుగు మాటల్లో చెప్పాలంటే ‘కబుర్లు ఎప్పుడు ఆపాలనిపించింది’ అని ఇద్దరినీ విడివిడిగా అడిగిన పరిశోధన ఒకటి వచ్చింది. ఇద్దరూ కోరుకున్న సమయానికే ముగిసినవి నూటికి రెండు! కొందరికి ఎప్పుడో ఆపేయాలనిపించింది, కొందరికి ఇంకా కాసేపు ఉంటే బాగుండుననిపించింది. తమ మనసులో ఏముందో ఇద్దరూ పైకి అనలేదు. కాబట్టి మీరే అనేయండి. ‘నాకింకో ఐదు నిమిషాలుంది, ముఖ్యమైనది ఏదో మిగిలింది కదా, ముందు అది చెప్పు.’ మొరటుగా ఉంటుందా? ప్రయత్నించి చూడండి, అవతలివాళ్లు కూడా ఊపిరి పీల్చుకుంటారు. ఆ తర్వాత ‘సరే మరి’ అంటారు, మీరూ ‘సరే మరి’ అంటారు, ‘ఉంటాను’ అంటారు. మన భాషలో ఎంత చిత్రమో చూడండి, వెళ్లేటప్పుడు ‘ఉంటాను’ అంటాం.

నిర్వాహకులు ఇందాకటి నుంచి గడియారం చూపిస్తున్నారు. చేరింది. ఉంటానండీ.